ఎవర్‌స్పేస్ మొదటిది ఆడకుండా నేరుగా రెండోది మొదలెట్టొచ్చా?

గుణుపూర్_గగనం
దసరా సెలవులకి ఎవర్‌స్పేస్ అనే అంతరిక్ష నౌకల ఆట మొదలెడదామనుకుంటున్నాను. ఆటలు అమ్మే స్టీమ్ సేల్‌లో రెండు భాగాలూ ఉన్నాయి. మా హాస్టల్ బ్యాచ్ అంతా ఒకటే పాట: "మొదటిది వేస్టు, చచ్చిన ప్రతిసారీ మొదటికే తీసుకొస్తుంది, రెండోది కొనుక్కో" అని. నాకేమో కథ మధ్యలోంచి చూడడం అస్సలు నచ్చదు. లాప్‌టాప్‌లో జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు ఉంది, ర్యామ్ 8 జీబీ. నెట్ అంటే ఫోన్ హాట్‌స్పాటే. రోజు డేటా అయిపోతే అర్ధరాత్రి దాకా ఆగాల్సిందే. ఇప్పుడు ఒక్కటే కొనగలను. ఏది కొనాలి, ఎందుకు? స్పాయిలర్లు మాత్రం వద్దు, కథ ముందే చెప్పేయకండి, ప్లీజ్.

సిరొంచ_స్కౌట్
మొదటిదే. ఆలోచించకు.

కోరాపుట్_కాఫీ
రెండోదే. ఆలోచించకు.

దెగ్లూర్_డ్రోన్
ఇంకేం, తెల్లారినట్టే.

బరంపురం_బుల్లోడు
అతను అడిగింది ఏది అని ఒక్కటే కాదు, ఎందుకు అని కూడా. ఇద్దరూ కారణాలు చెప్పండి. ఊరికే ఓటేసి వెళ్లిపోవడానికి ఇవేమైనా ఎన్నికలా?

సిరొంచ_స్కౌట్
సరే, వినండి.

మొదటి భాగం 2017 మేలో వచ్చింది. రోగ్‌లైక్ తరహా ఆట. ఒక్క ప్రాణంతో బయల్దేరతాం, ఏడు సెక్టార్లు దాటాలి, మధ్యలో ఓడ పేలిపోతే మళ్లీ మొదటి సెక్టార్ నుంచే. హాస్టల్ వాళ్లు ఇక్కడిదాకా చెప్పి ఆపేశారు. అసలు సంగతి దీని తర్వాతే ఉంది. పోయాక, ఆ ప్రయాణంలో సంపాదించిన క్రెడిట్లతో ఓడనీ పైలట్‌నీ శాశ్వతంగా మెరుగు చేసుకోవచ్చు. దొరికిన బ్లూప్రింట్లు, అంటే సామాన్లు తయారుచేసే నమూనాలు, ఎక్కడికీ పోవు. కాబట్టి ఓడిన ఆట కూడా తర్వాతి ఆటకి పెట్టుబడే. క్రెడిట్లు కూడబెట్టి పెద్దది కొందామంటే మాత్రం కుదరదు. మళ్లీ బయల్దేరేలోపు ఖర్చుపెట్టనివి పోతాయి.

ఆట అంతా ఇంధనం మీద నడుస్తుంది. ఒక చోటి నుంచి ఇంకో చోటికి జంప్ చేయాలంటే ఫ్యూయల్ కావాలి. దాన్ని ఉన్నచోటే వెతుక్కోవాలి. వెతుకుతూ మరీ ఆలస్యం చేస్తే ఒక్కార్లు అనే గ్రహాంతర శత్రువుల దళం వచ్చి మీద పడుతుంది. మొదట్లో వాళ్లతో పెట్టుకుంటే బతకం. ఫ్యూయల్ చాలకుండానే జంప్ చేయొచ్చు, కానీ ఓడ దెబ్బతింటుంది. రాయగడ నుంచి కోరాపుట్ వెళ్లే ఘాట్ రోడ్డులో బండి రిజర్వులో పడినప్పుడు మనసు ఎలా ఉంటుందో, ఆట పొడుగునా అలా ఉంటుంది.

మా తమ్ముడూ నేనూ కలిసి ఆడతాం. నేను నడుపుతా, వాడు సెన్సార్ చూస్తూ "ఎడమ పక్క ఇంకోడు" అని చెప్తుంటాడు. ఒక రాత్రి డ్రోన్లు చుట్టుముట్టి షీల్డు పోయింది, హల్ (ఓడ ఒళ్లు) మీద దెబ్బలు పడ్డాయి, లైఫ్ సపోర్ట్ పాడైంది. ఈ ఆటలో ఓడలో భాగాలు విడివిడిగా చెడిపోతాయి. సెన్సార్ పోతే శత్రువు ఎక్కడున్నాడో తెలీదు, లైఫ్ సపోర్ట్ పోతే ఆక్సిజన్ తగ్గిపోతుంటుంది. రిపేరు చేసే నానోబాట్లు ఉన్నవి ఒక్కదానికే వస్తాయి. హల్ బాగుచేసుకోవాలా, ఊపిరి నిలబెట్టుకోవాలా? "ముందు ఊపిరి అన్నా" అన్నాడు వాడు. అది బాగుచేసి, గ్రహశకలం చాటున దూరి, షీల్డు నిండేదాకా కదలకుండా ఉండి, అప్పుడు బయటికొచ్చి ఒక్కొక్క డ్రోన్‌నే కొట్టాం. రెండో భాగం కూడా పూర్తిగా ఆడాను. అందులో అలాంటి రాత్రి నాకు రాలేదు.

దెగ్లూర్_డ్రోన్
తమ్ముడికి కో-పైలట్ జీతం ఇస్తున్నావా అన్నా?

సిరొంచ_స్కౌట్
ప్రతి బాస్‌కీ ఒక ప్లేటు మిర్చి బజ్జీ. వాడే పెట్టిన రేటు.

కోరాపుట్_కాఫీ
స్కౌట్ అన్న చెప్పింది కాదనను. అయితే అతను చెప్పింది పోరాటం గురించే. గగనం, నువ్వు "కథ" అన్నావు, "మొదలెడదాం" అన్నావు. అంటే నీకు ఒక లోకం కావాలి. ఆ లోకం ఉన్నది రెండో దాంట్లో.

రెండోది 2021 జనవరిలో ఎర్లీ యాక్సెస్‌లో, అంటే పూర్తికాకముందే అమ్మకానికి, వచ్చి, 2023 ఏప్రిల్‌లో పీసీ మీద పూర్తిగా విడుదలైంది. రోగ్‌లైక్ తీసేసి దీన్ని ఓపెన్ వరల్డ్ యాక్షన్ ఆర్పీజీగా, అంటే ఇష్టమొచ్చినట్టు తిరుగుతూ పాత్రని పెంచుకునే ఆటగా, మలిచారు. కథ నడిచేది క్లస్టర్ 34 అనే ప్రాంతంలో. సీటో, యూనియన్, జార్కోవ్, డ్రేక్, ఖైట్, ఇలా ఒక్కో సిస్టమ్‌కీ ఒక రంగు, ఒక వాతావరణం ఉంటాయి. ఓడలు తొమ్మిది రకాలు: తేలికవి మూడు, మధ్యరకం మూడు, బరువైనవి మూడు. ఒక్కోదానికీ సొంత విద్య ఉంది. వాన్‌గార్డ్ కాలాన్నే నెమ్మదింపజేస్తుంది, విండికేటర్ డ్రోన్లని లేపి మన పక్షాన నిలబెడుతుంది. సామాను దాచుకోవడానికి ఒక స్థావరం, కూడా తిరిగే మనుషులు, వాళ్ల సొంత కష్టాలు, అన్నీ ఉంటాయి.

నాకు ఎక్కువ నచ్చేది వెతుకులాట. ఒకచోట పాడుబడ్డ స్టేషన్ తలుపు మూసుకుపోయి ఉంటుంది. పక్కన ఖాళీ సాకెట్, కరెంటు లేదు. చుట్టూ తిరిగితే ఎక్కడో రాతి సొరంగం లోపల ఒక పవర్ కోర్ మెరుస్తుంటుంది. దాన్ని ట్రాక్టర్ బీమ్‌తో (వస్తువుల్ని లాగే కిరణంతో) పట్టుకుని, గోడలకి తగలకుండా ఆ ఇరుకులోంచి వెనక్కి లాక్కురావాలి. సాకెట్‌లో పెట్టగానే తలుపు తెరుచుకుంటుంది. లోపల ఎవరో వదిలేసిన సరుకు, ఒక్కోసారి వాళ్ల ఆఖరి సందేశం. మొదటి దాంట్లో ఇలాంటి చోటు కనబడినా ఒక్కార్లు వచ్చేస్తారన్న టెన్షన్‌తో వదిలేసి పరిగెత్తాలి. చూడాలనే ఉంటుంది, చూడనివ్వరు. అంతరిక్షంలో తిరగడానికి వెళ్లినవాణ్ణి నిలబడి చూడనివ్వకపోతే ఎలా?

ధర్మాబాద్_మిర్చి
కాఫీ గారూ, తిరగనిస్తుంది నిజమే. కానీ ప్రతి పోరాటం అయ్యాక సంచీ విప్పి కూర్చోవాలి కదా. ఈ గన్ను నష్టం కాస్త ఎక్కువ, ఆ గన్ను వేగం కాస్త ఎక్కువ, ఈ షీల్డు త్వరగా నిండుతుంది, దాని సామర్థ్యం తక్కువ. ఏది అమ్మాలి, ఏది విరగ్గొట్టి విడిభాగాలు తీసుకోవాలి? మిర్చి యార్డులో పొద్దంతా నాణ్యత చూసి గ్రేడు పెట్టేది నేనే. ఇంటికొచ్చాక కూడా అదే పనా?

కోరాపుట్_కాఫీ
అన్నీ చూడక్కర్లేదు మిర్చి గారూ. రంగు చూసి మామూలు రకాలన్నీ వచ్చినవి వచ్చినట్టు విరగ్గొట్టేయండి. కొత్తవి తయారుచేసుకునే క్రాఫ్టింగ్‌కి అవే పనికొస్తాయి. అరుదైనవి మాత్రమే తెరిచి చూడండి.

పర్లాకిమిడి_పైలట్
రెండో దాంట్లో నువ్వు ఒక క్లోన్‌వి అన్న సంగతే కథకి మూలం. అది మొదటి భాగం ఆడకపోతే

దెగ్లూర్_డ్రోన్
స్పాయిలర్ వద్దన్నాడు కదయ్యా!

పర్లాకిమిడి_పైలట్
క్లోన్ సంగతి స్టోర్ పేజీలోనే రాసి ఉంది, దాచేదేం కాదు. నేను చెప్పేది వేరు. మొదటి భాగంలో చచ్చి మళ్లీ మొదలవడం ఆటలో రూలు మాత్రమే కాదు, కథ కూడా అదే. ముందుకు వెళ్లేకొద్దీ జ్ఞాపకాలు తునకలు తునకలుగా తిరిగొస్తాయి. నేనెవర్ని, ఇది ఎందుకు జరుగుతోంది అన్నది హీరోకి ఎంత తెలుసో మనకీ అంతే తెలుసు. అది అనుభవించి రెండో భాగంలోకి వెళ్తే ఆడమ్ రోస్లిన్ అనే పేరు వినగానే మనవాడు అనిపిస్తుంది. నేరుగా రెండోది ఆడినా కథ అర్థమవుతుంది, ఇబ్బంది లేదు. కానీ అతని మీద ఆ మమకారం ఉండదు. మధ్యలోంచి చూడడం నచ్చదన్నావు కాబట్టి చెప్తున్నాను. నీకు మొదటిదే సరి.

గుణుపూర్_గగనం
ఈ జ్ఞాపకాల సంగతి మా వాళ్లు ఒక్కరూ చెప్పలేదు.

దెగ్లూర్_డ్రోన్
రెండో సెక్టార్ దాటి ఉంటేగా వాళ్లు చెప్పడానికి.

రాయగడ_బాబాయ్
మీరు చెప్పుకుంటుంటే ఒక సంగతి రాయాలనిపించింది. ఈ ఆట చేసింది జర్మనీలో హాంబర్గ్‌లో ఉన్న రాక్‌ఫిష్ గేమ్స్. అది పెట్టిన మైఖేల్ షాడే, క్రిస్టియన్ లోర్ అంతకుముందు నడిపిన కంపెనీ పేరు ఫిష్‌ల్యాబ్స్. పాతవాళ్లకి గుర్తుంటుంది, జావా ఫోన్లలో గెలాక్సీ ఆన్ ఫైర్ అని ఆడేవాళ్లం. 2005 నాటి ఆట. అరచేతిలో సగం కూడా లేని తెర, నంబరు బటన్లతోనే ఓడ తిప్పేది. అంత చిన్న ఫోన్లో త్రీడీలో అంతరిక్షం చూసి మేం నోరెళ్లబెట్టాం. హీరో కీత్ టి. మ్యాక్స్‌వెల్. దానికి రెండో భాగం కూడా వచ్చింది.

2013లో ఫిష్‌ల్యాబ్స్ దివాలా తీసి చేతులు మారింది. వీళ్లిద్దరూ 2014లో రాక్‌ఫిష్ పెట్టి చిన్న జట్టుతో మళ్లీ మొదటినుంచి మొదలెట్టారు. 2015లో కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైట్‌లో జనం దగ్గర డబ్బు అడిగితే నాలుగు లక్షల యూరోలు దాటి వచ్చాయి. ఎవర్‌స్పేస్ అలా పుట్టింది. 2019లో రెండో భాగానికి మళ్లీ కిక్‌స్టార్టర్‌కే వెళ్లారు, ఈసారి ఐదు లక్షల యూరోల పైనే. ఆటగాళ్లు రెండుసార్లు నమ్మారంటే ఊరికే కాదు.

మొదటిది ఆడుతుంటే ఆ పాత ఫోన్ ఆట రక్తం ఇందులో ఉందని నాకు తెలిసిపోతుంది. రాతిని పగలగొట్టి ఖనిజం తీసుకోవడం, ఓడ వంగినప్పుడు వచ్చే ఆ వాలు, అన్నీ. గగనం బాబూ, వరసగా ఆడు. ఒక పనివాడు చేసిన వస్తువులు వరసలో చూస్తే అతని చేయి ఎలా ముదిరిందో తెలుస్తుంది.

బల్లార్షా_బోగీ
బాబాయ్, గెలాక్సీ ఆన్ ఫైర్ పేరు విని ఎన్నాళ్లయింది! రైల్వే క్వార్టర్స్‌లో మా బ్యాచ్ మొత్తం ఒకే ఫోన్ చుట్టూ మూగేవాళ్లం. ఆ ఫోన్ మేనమామది. రాత్రి డ్యూటీకి ఆయన దాన్ని తీసుకుపోతే మా అంతరిక్షం కూడా ఆయనతో పాటే పోయేది.

రాయగడ_బాబాయ్
అయితే నువ్వు కూడా మా బ్యాచే.

చంద్రపూర్_48డిగ్రీలు
కథ సంగతి మీరు చూసుకుంటున్నారు, నేను యంత్రం సంగతి చెప్తా. నాదీ 1650 లాప్‌టాపే. మొదటి భాగం హాయిగా నడుస్తుంది, సెట్టింగులు పెంచుకోవచ్చు. రెండోది 2024లో ఒక పెద్ద అప్‌డేట్‌తో అన్‌రియల్ ఇంజిన్ 5 అనే కొత్త సాఫ్ట్‌వేర్ మీదకి మారింది. చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, కార్డు మీద బరువు కూడా పడుతుంది. నేను తక్కువ సెట్టింగుల్లో ఆడాను. ఆడగలం కానీ 8 జీబీ ర్యామ్‌తో ఇబ్బందే, బ్రౌజర్ పూర్తిగా మూసేయాలి. కొనేముందు స్టోర్ పేజీలో కనీస అవసరాలు ఒకసారి చూసుకో.

ఎండాకాలం మా చంద్రపూర్‌లో ఆడేవాళ్లకి ఇంకో మాట. మేలో మధ్యాహ్నం ఫుల్ స్పీడుతో ఆడితే లాప్‌టాప్ వేడెక్కి దానంతటదే వేగం తగ్గించేసుకుంటుంది. ఆట తంతున్నట్టు నడుస్తుంది. ఫ్రేమ్‌రేటుకి (సెకనుకి వచ్చే బొమ్మలకి) హద్దు పెట్టండి, 40 చాలు. వెనక వైపు కాస్త ఎత్తు పెట్టండి. నేను పొద్దున్న చల్లగా ఉన్నప్పుడే ఆడతాను.

ధర్మాబాద్_మిర్చి
పొద్దున్నే లేచి ఆట ఆడే మనిషిని మొదటిసారి చూస్తున్నా.

చంద్రపూర్_48డిగ్రీలు
మా ఊళ్లో ఒక మే నెల గడిపి చూడండి, మీరూ లేస్తారు.

మల్కనగిరి_మబ్బు
నా లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డే లేదు. నాలాంటి వాళ్లకి దారి లేదా?

సిరొంచ_స్కౌట్
ఎవర్‌స్పేస్ వదిలెయ్. స్టార్‌కామ్: నెక్సస్ చూడు. పైనుంచి చూసే టాప్-డౌన్ ఆట, యంత్రం మీద బరువు చాలా తక్కువ. డబ్ల్యూఎక్స్3 ల్యాబ్స్ అనే చిన్న ఇండీ సంస్థ చేసింది, 2019 డిసెంబరులో వచ్చింది. దానికీ సీక్వెల్ ఉంది, స్టార్‌కామ్: అన్‌నోన్ స్పేస్, 2024 సెప్టెంబరులో పూర్తయింది.

పర్లాకిమిడి_పైలట్
స్టార్‌కామ్ గురించి ఒక్క ముక్కలో తేల్చేస్తే నేను ఊరుకోను. అన్వేషణ అనే మాటకి ఈ థ్రెడ్‌లో చెప్పిన ఆటలన్నిట్లో దానికే ఎక్కువ హక్కుంది. ఓడని ఆరు పలకల గడుల్లో మనమే కట్టుకుంటాం. రియాక్టర్ ఎక్కడ, ఇంజన్ ఎక్కడ, ఫిరంగి ఎటు చూడాలి, కవచం ఎక్కడ మందంగా ఉండాలి, అన్నీ మన ఇష్టం. ముందువైపు మొత్తం తుపాకులు పెట్టి వెనక బోసిగా వదిలేస్తే, వెనక నుంచి వచ్చినవాడు మన పొరపాటు చూపిస్తాడు. అప్పుడు విప్పి మళ్లీ కట్టాలి.

ఎవర్‌స్పేస్ రెండులో మ్యాప్ మీద ప్రశ్నార్థకం దగ్గరికి వెళ్తే ఏదో ఒకటి దొరుకుతుంది. స్టార్‌కామ్‌లో ఒక గ్రహాన్ని స్కాన్ చేస్తే ఒక వింత తెలుస్తుంది. అదేంటో అప్పుడు అర్థం కాదు. ఎన్నో సిస్టమ్‌ల అవతల వేరే జాతివాళ్లు ఒక మాట అంటారు, అప్పుడు ఇది గుర్తొచ్చి వెనక్కి వెళ్తాం. బాణం గుర్తు పెట్టి ఎవరూ చెయ్యి పట్టుకుని నడిపించరు. నేను పక్కన నోట్‌బుక్ పెట్టుకునే ఆడాను. మా అక్క కూతురు ఒడియా మీడియంలో చదువుతుంది. నేను చదివి తెలుగులో చెప్తుంటే తను ఒడియాలో నోట్సు రాసేది. ఏ గ్రహవాసి ఏం అన్నాడో నాకంటే తనకే బాగా గుర్తుండేది.

మల్కనగిరి_మబ్బు
ఇది నాకు కావలసిన ఆటే. థాంక్స్ అన్నా. నెక్సస్‌తోనే మొదలెట్టాలా మరి? మళ్లీ అదే ప్రశ్న వచ్చింది.

పర్లాకిమిడి_పైలట్
నీకు నెక్ససే. చిన్నగా ఉంటుంది, ధర తక్కువ, కార్డు అడగదు. అది నచ్చితే రెండోది ఎలాగూ కొంటావు.

కోరాపుట్_కాఫీ
ప్రశ్నార్థకం దగ్గరికి వెళ్తే ఏదో ఒకటి దొరుకుతుంది అన్న మాట దగ్గర నాకు అభ్యంతరం ఉంది పైలట్ గారూ. గుర్తు లేని చోట్ల కూడా బోలెడు దాచారు ఎవర్‌స్పేస్ రెండులో. సూపర్‌లైట్ వేగంతో వెళ్తుంటే దారిలో ఆపద సంకేతాలు వస్తాయి, ఆగి చూడాలో వద్దో మన ఇష్టం. ఒక్కోసారి నిజంగా ఆపదలో ఉన్నవాళ్లు, ఒక్కోసారి దొంగల వల. హడావిడిగా ఆడేవాళ్లకి అది కనబడదు.

పర్లాకిమిడి_పైలట్
ఆ మాటకి ఒప్పుకుంటాను. అయినా నోట్‌బుక్ అవసరం మాత్రం రాలేదు నాకు.

దెగ్లూర్_డ్రోన్
ఎవర్‌స్పేస్‌లో తెలుగు సబ్‌టైటిల్స్ లేవు కదా? నాకు ఇంగ్లీష్ స్పీడుగా మాట్లాడితే అందదు.

పర్లాకిమిడి_పైలట్
తెలుగు లేదు. మొదటి దాంట్లో మాటలు తక్కువ, దాంతో పెద్ద ఇబ్బంది రాదు. రెండో దాంట్లో మాటలు ఎక్కువ, ఓడ నడుపుతుండగానే మాట్లాడేస్తుంటారు. సింగిల్ ప్లేయర్ ఆట కాబట్టి పాజ్ చేసి చదువుకో, ఎవరూ తొందరపెట్టరు.

బల్లార్షా_బోగీ
మన పిల్లలు కూడా ఇలాంటి ఆటలు తెలుగు మాటలతో ఆడాలని నాకు చాలా కోరిక. మావైపు పిల్లలు బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు, ఫోన్లో హిందీ. ఒక్క ఆటలోనైనా "షీల్డు పోయింది, వెనక్కి తిప్పు" అని తెలుగులో ఎవరైనా అరిస్తే వాళ్ల మొహాలు ఎలా వెలుగుతాయో చూడాలని ఉంది. స్టార్‌కామ్ లాంటి చిన్న జట్ల ఆటల్లో మాటలన్నీ రాతలోనే ఉంటాయి. అలాంటివాటితోనే ఎవరైనా మొదలెట్టొచ్చు.

రాయగడ_బాబాయ్
ఈ పనికి ఎవరైనా పూనుకుంటే నేను కూడా వస్తాను. ప్రూఫులు దిద్దడం నాకు అలవాటే.

గుణుపూర్_గగనం
అందరికీ థాంక్స్. మనసు మొదటి దాని వైపే మొగ్గుతోంది. కానీ డౌన్‌లోడ్ ఎలా? హాట్‌స్పాట్ మీద అన్ని జీబీలు అంటే సెలవులు అందులోనే అయిపోతాయి.

బరంపురం_బుల్లోడు
ఇది నాకు వదిలెయ్. నా దగ్గర రెండూ ఉన్నాయి, ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంది. నువ్వు నీ అకౌంట్‌లో కొను. నేను స్టీమ్‌లో గేమ్ ఫైళ్లు బ్యాకప్ చేసి హార్డ్ డిస్క్‌లో పెడతాను. నువ్వు నీ స్టీమ్‌లో రిస్టోర్ బ్యాకప్ కొట్టి ఆ ఫోల్డర్ చూపిస్తే చాలు. ఆ తర్వాత చిన్న అప్‌డేట్ ఏదైనా ఉంటే దిగుతుంది, అంతే. పూరీ-గుణుపూర్ రైలు మా బరంపురం మీదుగానే కదా వచ్చేది. దసరాకి మా పిన్ని వాళ్లు ఆ రైల్లోనే గుణుపూర్ వస్తున్నారు, వాళ్ల చేతికిస్తాను.

గుణుపూర్_గగనం
నిజంగానా అన్నా!

బరంపురం_బుల్లోడు
నిజంగానే. ఫోల్డర్ పేర్లు మాత్రం మార్చకు, రిస్టోర్ అవదు. డిస్క్ పిన్ని వాళ్లు తిరిగొచ్చే రోజుకి వాళ్లకే ఇచ్చెయ్.

దెగ్లూర్_డ్రోన్
పిన్ని గారు ఆ రైల్లో అంతరిక్ష నౌక మోసుకెళ్తున్నారన్నమాట.

చంద్రపూర్_48డిగ్రీలు
ఒకే ఇంట్లో రెండు కంప్యూటర్లుంటే డిస్క్ కూడా అక్కర్లేదు. స్టీమ్‌లో లోకల్ నెట్‌వర్క్ ట్రాన్స్‌ఫర్ ఉంది, 2023లో వచ్చింది. వైఫై మీద ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లిపోతుంది, డేటా ఖర్చు కాదు. ఇంకో సంగతి, కొన్నాక నచ్చకపోతే 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటలలోపు ఉంటే రీఫండ్ అడగొచ్చు. కాబట్టి గగనం, ఒకసారి ఓడినంత మాత్రాన కంగారుపడి రీఫండ్ కొట్టకు. రెండు గంటలు నిండేలోపు ఆట సంగతి తేల్చుకో.

ధర్మాబాద్_మిర్చి
నేను మొదట మూడు రోజులు తిట్టుకుంటూనే ఆడాను, నాలుగో రోజు మా ఆవిడ "భోజనానికి రారా" అని అరిచినా లేవలేదు. మొదటి భాగం అలాంటిది.

కోరాపుట్_కాఫీ
సరే, మొదటిదే ఆడు. అయిపోయాక రెండోదానికి రా, అప్పుడు నా మాట గుర్తొస్తుంది. దానికి 2024లో టైటన్స్, 2025లో రాత్ ఆఫ్ ది ఏన్షియంట్స్ అని రెండు డీఎల్‌సీలు (విడిగా కొనే అదనపు భాగాలు) కూడా వచ్చాయి. తిరగడానికి చోటుకి లోటుండదు.

సిరొంచ_స్కౌట్
కాఫీ అన్న ఒప్పుకున్నాడు. తారీఖు రాసి పెట్టుకోండి.

కోరాపుట్_కాఫీ
ఒప్పుకోలేదు. క్యూలో ముందు నిలబడనిచ్చాను.

గుణుపూర్_గగనం
మొదటి భాగం కొనేశాను, యూపీఐతో పని అయిపోయింది. డిస్క్ వచ్చేలోపు మీ దగ్గర నేర్చుకోవాల్సింది ఏమైనా ఉంటే చెప్పండి. చచ్చాక కాదు, ముందే.

సిరొంచ_స్కౌట్
ఈజీ మోడ్‌లో క్రెడిట్లు తక్కువ వస్తాయి. అయినా చేయి కుదిరేదాకా అందులోనే ఆడు, సిగ్గేం లేదు. ఎనర్జీ ఆయుధాలు షీల్డు మీద బాగా పనిచేస్తాయి, గుళ్లు పేల్చే కైనెటిక్ ఆయుధాలు హల్ మీద. రెండూ చెరొకటి పెట్టుకో. ముందు పల్స్ లేజర్‌తో షీల్డు దించు, వెంటనే రెండోదానికి మారు. చాలామంది ఒకే గన్నుతో మొత్తం లాగి శక్తి అయిపోయాక ఒట్టి చేతులతో నిలబడతారు. వచ్చిన క్రెడిట్లు మొదట్లో ఆయుధాల కంటే హల్ మీదా షీల్డు మీదా పెట్టు. ఎక్కువసేపు బతికితే ఎక్కువ సంపాదిస్తావు.

చంద్రపూర్_48డిగ్రీలు
రాళ్ల మధ్యలోకి వెళ్లేటప్పుడు బూస్ట్ వాడకు. శత్రువు కంటే రాయే ఎక్కువమందిని చంపింది.

బల్లార్షా_బోగీ
జాయ్‌స్టిక్ కొనాలా? బ్రహ్మపుత్ర అంత పెద్ద ఆశ నాది, చిన్న జీతం.

సిరొంచ_స్కౌట్
ఈ ఆటకి వద్దు. మౌసు, కీబోర్డే బాగుంటాయి. గురి మౌసుతోనే చురుగ్గా కుదురుతుంది. ప్యాడ్ ఉంటే అదీ పర్వాలేదు.

పర్లాకిమిడి_పైలట్
గగనం, అన్నిటికంటే ముందు పక్కలకీ పైకీ కిందకీ జరగడం వేళ్లకి అలవాటు చేసుకో. ముక్కు శత్రువు వైపే ఉండాలి, ఓడ మాత్రం పక్కకి జారుతూ ఉండాలి. కొత్తవాళ్లు రోడ్డు మీద కారులా ముందుకే పోతారు, అందుకే తగులుతాయి. వెనక తరుముతుంటే ఓడ జారకుండా ఆపే ఇనర్షియా డాంపనర్ ఆపెయ్. ఓడ అదే వేగంతో అదే దిక్కుకి జారుతూ పోతుంది, నువ్వు మాత్రం గిర్రున వెనక్కి తిరిగి వాడి మొహం మీద కాల్చొచ్చు. మళ్లీ డాంపనర్ ఆన్ చేయడం మర్చిపోకు. మొదటి సెక్టార్‌లో ఎవరూ లేనిచోట ఇది కాసేపు సాధన చెయ్యి.

గుణుపూర్_గగనం
డాంపనర్‌కి కీ ఏది అన్నా?

పర్లాకిమిడి_పైలట్
కంట్రోల్స్ మెనూలో చూసి, నీ బొటనవేలికి అందే కీకి మార్చుకో. కంగారులో వెతుక్కునే చోట ఉండకూడదు.